సొంత డాబా లేనివాళ్లకూ సోలార్: నిబంధనలు, రాయితీలు, మన విశాఖ

(విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో, సెలవు పూట, ఇంతమంది వచ్చినందుకు సంతోషంగా ఉంది. మీలో ఎక్కువమంది ఫ్లాట్లలో ఉండేవాళ్లని, అందులోనూ సగానికి పైగా అద్దెకుండేవాళ్లని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి సొంత డాబా ఉన్న ఇళ్ల సంగతి రెండు మాటల్లో ముగించేస్తాను. వాళ్లకు దారి ఇప్పటికే పడింది.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. మన రాష్ట్రం దానిమీద ఇంకొంత కలిపింది. బీసీ కుటుంబాలకు కిలోవాటుకు 10,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా అదనం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితం. అదే 2024లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. పది కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, ఆమోదించినట్టే లెక్క అంది. 2025 సెప్టెంబరులో ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇవన్నీ మంచి పనులే, నాకేమీ ఫిర్యాదు లేదు.

అయితే ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో అద్దెకుండే కుటుంబం సంగతేమిటి? డాబా వాళ్లది కాదు. ఓనరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అసోసియేషన్ వాళ్లని అడిగితే, డాబా అందరిదీ, ఒక్కరికిస్తే అందరూ అడుగుతారంటారు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్నవాళ్లు లక్షన్నర పెట్టి పైన ప్యానెళ్లు బిగించుకుని, ఇల్లు మారేటప్పుడు వాటినేం చేస్తారు? కరెంటు బిల్లు మాత్రం వాళ్లే కడుతున్నారు. సబ్సిడీకి పోయే పన్నులో వాళ్ల వాటా కూడా ఉంది. ఈరోజు నా మాటలన్నీ ఆ కుటుంబం గురించే.

ప్లగ్-ఇన్ సోలార్ అనే పరికరం ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి కుటుంబాల కోసమే వాడుకలోకి వచ్చింది. ఒకటో రెండో ప్యానెళ్లు, వాటి వెనక, ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పుస్తకమంత మైక్రో ఇన్వర్టరు, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర ప్లగ్గు. గోడ సాకెట్లో పెడితే ప్యానెల్ చేసిన కరెంటు ఇంటి వైరింగ్‌లోకి వస్తుంది. ఫ్రిజ్జు, ఫ్యాను, వైఫై రూటరు ముందు దాన్ని వాడుకుంటాయి, చాలకపోతేనే మీటరు నుంచి తీసుకుంటాయి. ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పట్టుకుపోవచ్చు.

భజనలో తాళం వేసేవాళ్లు పాడేవాళ్ల లయ విని అందుకున్నట్టు, ఈ మైక్రో ఇన్వర్టరు గ్రిడ్‌లో 50 హెర్ట్జ్ లయను విని దాంతో కలుస్తుంది. పాట ఆగితే తాళమూ ఆగిపోవాలి. అంటే వీధిలో కరెంటు పోయిన వెంటనే ఇదీ ఆగిపోవాలి.

(ముందు వరుసలో ఒకరు: మరి కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగదా అండీ?)

తిరగదమ్మా. చాలామంది ఆశపడేది దానికోసమే కాబట్టి ముందే చెప్పడం మంచిది. ఎందుకు తిరగకూడదో మన ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడిపోయాక, వేరే జిల్లాల నుంచి కూడా లైన్‌మన్లు వచ్చి రోజుల తరబడి మన వీధుల్లో పనిచేశారు. తీగలో కరెంటు లేదని నమ్మి చెయ్యి వేసేవాళ్లు వాళ్లు. ఏ ఇంట్లోనో ప్యానెల్ ఆ తీగలోకి కరెంటు పంపుతూ ఉంటే ప్రాణం పోతుంది. అందుకే ఆగిపోయే గుణం ఈ పరికరంలో ఉండి తీరాలి. మన దేశంలో దానికి ప్రమాణం ఉంది, ఐఎస్ 16169. ఇన్వర్టరు మొత్తం భద్రతకు ఐఎస్ 16221. ఏ ఇన్వర్టరు కొన్నా వెనక లేబుల్ మీద ఈ నంబర్లు వెతకండి. కనపడకపోతే ఎంత చవకైనా వద్దు.

ఇక బయటి రాష్ట్రాలు, దేశాలు ఏం చేశాయో చూద్దాం. ముందు జర్మనీ. అక్కడ ఇవి 2025 నాటికి రిజిస్టరైనవే పది లక్షలు దాటాయి. దానికి ముందు చాలా ఏళ్లు అక్కడా గొడవే. డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, చెప్పాలా వద్దా, ఏ ప్లగ్గు వాడాలి, ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే ఎలా, ఇలా. 2023 జనవరి నుంచి సోలార్ ప్యానెళ్ల మీద వ్యాట్ సున్నా చేశారు. 2024 మేలో వచ్చిన చట్టంతో ఇన్వర్టరు 800 వోల్ట్-ఆంపియర్ల (సుమారు 800 వాట్ల) దాకా, ప్యానెళ్లు 2,000 వాట్ల దాకా ఉంటే డిస్కం అనుమతి అక్కర్లేదన్నారు. కేంద్ర రిజిస్టరులో ఇంటివాళ్లే ఆన్‌లైన్‌లో నాలుగు వివరాలు నింపితే చాలు. పాత చక్రం మీటరు ఉంటే, కొత్తది పెట్టేదాకా అది వెనక్కి తిరిగినా తప్పుపట్టకూడదన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంకో సవరణ వచ్చింది. అద్దెకున్నవాళ్లు అడిగితే సరైన కారణం లేకుండా ఓనరు గానీ, ఫ్లాట్ల సంఘం గానీ కాదనడానికి వీల్లేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఈ చివరిదే. బెర్లిన్ రాష్ట్రం ఒక్కో ఇంటికి 500 యూరోల దాకా సాయం కూడా ఇచ్చింది.

అమెరికాలో మొదటి అడుగు యూటా రాష్ట్రం వేసింది. అక్కడ ఎవరూ ఊహించని రాష్ట్రం అది. 2025లో చట్టసభ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా బిల్లు ఆమోదించింది. 1,200 వాట్ల దాకా ప్లగ్-ఇన్ సెట్టుకు కరెంటు కంపెనీతో ఒప్పందం అక్కర్లేదు. కంపెనీ ఫీజు అడగకూడదు, అదనపు పరికరం పెట్టమనకూడదు. బదులుగా ఇంటివాళ్లు గ్రిడ్‌లోకి పోయిన కరెంటుకు డబ్బు అడగకూడదు. పరికరం వల్ల నష్టం జరిగితే కంపెనీకి బాధ్యత లేదు. గ్రిడ్ పోతే పరికరం ఆగిపోవాలి, భద్రతా ధ్రువీకరణ ఉండాలి. అంతే చట్టం. రూపాయి సబ్సిడీ లేదు. ఆ తర్వాత ఇంకా చాలా రాష్ట్రాల్లో అలాంటి బిల్లులే వచ్చాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇళ్ల సోలార్‌కు ఇచ్చే 30 శాతం పన్ను రాయితీని 2025 చివరితో ఆపేసినా ఈ బిల్లులు ఆగలేదు.

యూటా నుంచి మనం రెండు విషయాలు పట్టుకోవాలి. డబ్బు ఇవ్వకుండా, అడ్డు తీసేయడంతోనే ఒక రాష్ట్రం చాలా చేయగలదు. ఇది మొదటిది. రెండోది, చట్టం వచ్చిన రోజుకి ఈ సెట్టును ఒకే వస్తువుగా పరీక్షించే ప్రమాణం అక్కడ సిద్ధంగా లేదు. ప్యానెల్‌కు విడిగా ఉంది, ఇన్వర్టరుకు విడిగా ఉంది, ప్లగ్గుతో కలిపి సాకెట్లో పెట్టే మొత్తం సెట్టుకు లేదు. చట్టం అనుమతిచ్చింది గానీ, ఆ చట్టానికి పూర్తిగా సరిపోయే సరుకు దుకాణంలో వెంటనే దొరకలేదు. మనం నిబంధన అడిగేటప్పుడు ప్రమాణాన్నీ పక్కనే పెట్టి అడగాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను. జర్మనీ వాళ్లది తెచ్చి బాల్కనీకి తగిలించేస్తే చాలదు.

మొదట మీటరు. మన ఇళ్లలో మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు కరెంటు ఎటు పోయినా ముందుకే లెక్కపెట్టేలా చేసినవి. దొంగతనం అరికట్టడానికి పెట్టిన ఏర్పాటది. మీరు ప్యానెల్ పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయారనుకోండి. మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్జు తప్ప ఏమీ నడవడం లేదు. ప్యానెల్ 600 వాట్లు ఇస్తోంది, ఇల్లు 100 వాడుతోంది. మిగిలిన 500 బయటికి పోతుంది, మీటరు దాన్ని మీరు వాడినట్టే రాస్తుంది. పక్క ఫ్లాటుకు ఉచితంగా కరెంటిచ్చి, దానికి బిల్లు మీరు కడతారు. వచ్చిన కరెంటులోంచి బయటికి పోయినది తీసేసి లెక్కకట్టే నెట్ మీటరో, రెండు దిక్కులా లెక్కపెట్టేలా సెట్ చేసిన స్మార్ట్ మీటరో లేకుండా సాకెట్లో పెట్టారంటే బిల్లు పెరిగే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఈ సంగతి ఎక్కడా రాయరు.

రెండోది మన ఇళ్లలో ఉండే బ్యాటరీ ఇన్వర్టరు. జర్మనీ ఇళ్లలో ఇది మామూలుగా ఉండదు, మనకు చాలా ఇళ్లలో ఉంటుంది. కరెంటు పోగానే అది హాల్లో, బెడ్రూముల్లో లైటూ ఫ్యానూ నడుపుతుంది. మీరు సోలార్ ప్లగ్గును ఆ లైనులో ఉన్న సాకెట్లోనే పెట్టారనుకోండి. కరెంటు పోయింది, సోలార్ ఆగింది, బ్యాటరీ ఇన్వర్టరు మొదలైంది. దాని కరెంటు నాణ్యంగా ఉంటే సోలార్ పరికరం గ్రిడ్ వచ్చేసిందనుకుని మళ్లీ మొదలుకావచ్చు. అప్పుడు బయటికి పోయే దారి లేని కరెంటు వెనక్కి బ్యాటరీ ఇన్వర్టరులోకే వస్తుంది. దాన్ని తీసుకునేలా అది తయారైంది కాదు, కాలిపోవచ్చు. కాబట్టి మన నిబంధనలో ఒక వాక్యం తప్పనిసరి, అది జర్మనీ నిబంధన చూసి రాసేవాళ్లకు తట్టదు. బ్యాటరీ ఇన్వర్టరు లైనులో ప్లగ్-ఇన్ సోలార్ కలపకూడదని మనమే రాయించుకోవాలి.

మూడోది వైరింగ్. 800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు. వినడానికి చిన్నదే. అయితే ఆ లైనుకు 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఉంటే, మీటరు వైపు నుంచి 16, సోలార్ నుంచి మూడున్నర కలిసి గోడలోని వైరులో పందొమ్మిదిన్నర పారే అవకాశం ఉంది. ఎంసీబీకి తన వైపు నుంచి వెళ్లేదే తెలుసు, అది పడదు. కొత్త ఫ్లాట్లలో పవర్ ప్లగ్గులకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు, అక్కడ ఇబ్బంది తక్కువ. అక్కయ్యపాలెంలో, వన్‌టౌన్‌లో ముప్పై నలభై ఏళ్ల ఇళ్లలో సన్న వైర్లు, సరైన ఎర్తింగ్ లేని సాకెట్లు చూస్తుంటాం. అలాంటిచోట విడిగా ఒక లైను లాగాలి, ఎర్త్ సరిచూడాలి. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని.

నాలుగోది ఎండ. మనకు ఎండకేం కొదవ అంటారు కదా. బెర్లిన్‌లో సూర్యుడు నడివేసవిలో కూడా నడినెత్తికి రాడు, పక్కనుంచే ఉంటాడు. కాబట్టి బాల్కనీ రెయిలింగుకు నిలువుగా తగిలించిన ప్యానెల్ మీద కూడా ఎండ బాగా పడుతుంది. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. అంటే దక్షిణం బాల్కనీకి నిలువుగా కట్టిన ప్యానెల్ మీద ఆ రోజుల్లో మధ్యాహ్నం నేరుగా ఎండే పడదు. ఏసీలు ఎక్కువగా తిరిగే రోజులవే. డిసెంబరులో మాత్రం అదే ప్యానెల్ బాగా పనిచేస్తుంది. ఎండ సరిగా పట్టాలంటే ప్యానెల్‌ను బయటికి, దాదాపు పడుకోబెట్టినట్టు చాపాలి. ఐదో అంతస్తులో, సముద్రం గాలికి, రెండు చదరపు మీటర్ల పలకను రెయిలింగు నుంచి బయటికి చాపి ఉంచడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. హుద్‌హుద్ నాడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూఇటూగా వీచింది. వీధిలోకి ఏమేం ఎగిరి పడ్డాయో ఈ ఊళ్లో అందరూ చూశారు.

ఇదిగో ఈ క్లాంపు చూడండి, వెనక వరుసకు కూడా పంపిస్తాను. పెదవాల్తేరులో సముద్రానికి దగ్గర ఒక డాబా మీద నుంచి విప్పింది. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము బాగానే ఉంది. జీఐ బోల్టు, అంటే జింకు పూత వేసిన ఇనుప బోల్టు, మాత్రం తుప్పుపట్టి సగం మందం తగ్గింది. వేలితో రాస్తే పొడి రాలుతుంది. ఉప్పు గాలి చేసే పని ఇది. మన తీరంలో స్టెయిన్‌లెస్ బోల్టులే వాడాలి, ఏడాదికోసారి, తుఫాను కాలానికి ముందు, ప్రతి బోల్టూ బిగించి చూసుకోవాలి.

అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, మన ఊరికి కావలసింది బాల్కనీ సోలార్ కంటే డాబాలో వాటా. ఐదంతస్తుల్లో ఇరవై ఫ్లాట్లున్న భవనం తీసుకోండి. ఒక్కో ఫ్లాటుకు 400 వాట్ల ప్యానెళ్లు రెండేసి పెట్టినా నలభై ప్యానెళ్లు. ఒక్కోటీ సుమారు రెండు చదరపు మీటర్లు, మొత్తం 80. అంత భవనానికి డాబా మామూలుగా 400 చదరపు మీటర్లకు తగ్గదు. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, బట్టలారేసే తీగలు అన్నీ పోను చోటుంది. అక్కడినుంచి ప్రతి ఫ్లాటుకూ వైరు దింపడం ఒక పద్ధతి. అంతకంటే శుభ్రమైన పద్ధతి వర్చువల్ నెట్ మీటరింగ్. డాబా మీద అందరిదీ కలిపి ఒకే ప్లాంటు, ఒకే మీటరు. వచ్చిన యూనిట్లను కాగితం మీద వాటాల ప్రకారం ఒక్కో ఫ్లాటు బిల్లులో తగ్గిస్తారు. సూర్యఘర్ మార్గదర్శకాలు ఈ పద్ధతిని గుర్తించాయి. ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లకు, సంఘాలకు కిలోవాటుకు 18,000 చొప్పున విడిగా సబ్సిడీ కూడా ఉంది. అసోసియేషన్ ప్రెసిడెంట్లు ఇక్కడ ఉంటే, ఈ 18,000 సంగతి ఈ నెల మీటింగులోనే పెట్టండి. దీనికి కొత్త నిబంధన ఏదీ రానక్కర్లేదు.

రాయితీ ఎవరికివ్వాలన్న దగ్గర ఒక చిన్న లెక్క చెబుతాను. మన రాష్ట్రంలో గృహాల శ్లాబులు కొన్నేళ్లుగా ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ ఎప్పుడూ ఖరీదైన పై యూనిట్లనే తగ్గిస్తుంది. నెలకు 280 యూనిట్లు వాడే ఇంట్లో 50 యూనిట్లు తగ్గితే, అవన్నీ 8.75 శ్లాబులోవే, 437 రూపాయలు మిగులుతాయి. నెలకు 125 యూనిట్లు వాడే ఇంట్లో అదే ప్యానెల్, అవే 50 యూనిట్లు, 4.50 చొప్పున 225 రూపాయలు. సుంకాలు, సర్దుబాట్లు పక్కన పెట్టి చెబుతున్నాను. వస్తువు ధర ఇద్దరికీ ఒకటే, చిన్న ఇంటికి మాత్రం డబ్బు వెనక్కి రావడానికి రెట్టింపు కాలం పడుతుంది. కాబట్టి ప్రభుత్వం ప్లగ్-ఇన్ సెట్లకు సబ్సిడీ పెట్టే రోజొస్తే అందరికీ ఒకే మొత్తం పంచకూడదు. తక్కువ వాడే ఇళ్లకు, అద్దె ఇళ్లకు ఎక్కువ ఇవ్వాలి. ఏసీలు రెండున్న ఇంటికి అనుమతి చాలు, డబ్బు అక్కర్లేదు. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. లెక్క మాత్రం ఇదే చెబుతోంది.

(వెనక నుంచి ఒకరు: ఇప్పుడు కొనుక్కుని పెట్టేసుకోవచ్చా సార్?)

పెట్టొద్దండి. ఇప్పుడున్న పద్ధతిలో గ్రిడ్‌కు కలిపే ఏ ప్యానెల్‌కైనా, చిన్నదైనా పెద్దదైనా, డిస్కం అనుమతి, నెట్ మీటరు ఉండాలి. మీటరు సంగతి, లైన్‌మన్ సంగతి ఇందాకే చెప్పుకున్నాం. అప్పటిదాకా ఏదో ఒకటి కావాలనుకుంటే గ్రిడ్‌తో సంబంధం లేకుండా, ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, దాని మీదే నడిచే లైట్లూ ఫ్యానూ పెట్టుకోండి. దానికి డిస్కం అనుమతి అక్కర్లేదు, కరెంటు పోయినా నడుస్తుంది.

నిబంధన అడగడానికి మూడు చోట్లకు వెళ్లాలి. గ్రిడ్‌కు కలపడానికి సాంకేతిక ప్రమాణాలు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ రాస్తుంది. వస్తువు ప్రమాణం భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌ది. మీటరు, అనుమతి, బిల్లు లెక్క మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉన్నాయి. మనకు దగ్గరది మూడోదే. మండలి ఏ రెగ్యులేషన్ తెచ్చినా ముందు ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలని చట్టంలోనే ఉంది. ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణలూ జరుపుతుంది. అక్కడ మామూలు వినియోగదారులు లేచి మాట్లాడవచ్చు, రాసి ఇవ్వవచ్చు. పరిశ్రమల వాళ్లు లాయర్లతో వస్తారు. అద్దెకుండేవాళ్లు రారు, అందుకే వాళ్ల మాట రికార్డులోకి ఎక్కదు.

బల్ల మీద ఒక పేజీ నమూనా లేఖ ఉంది. అందులో 800 వాట్ల లోపు ధ్రువీకరించిన సెట్టుకు అనుమతి బదులు ఆన్‌లైన్ సమాచారం చాలని, అలా తెలిపిన ఇంటికి రెండు దిక్కులా లెక్కపెట్టే మీటరును డిస్కం గడువులోగా అమర్చాలని, బయటికి పోయిన యూనిట్లకు డబ్బు అడగబోమని, బ్యాటరీ ఇన్వర్టరు లైనులో కలపడాన్ని నిషేధించాలని, ఫ్లాట్ల డాబాలో అద్దెదారులకూ వాటా అడిగే హక్కు ఉండాలని, తీరప్రాంతంలో బిగింపుకు గాలివేగం ప్రమాణం పెట్టాలని రాశాను. ఎలక్ట్రీషియన్లు, ఇంజినీర్లు ఎవరైనా ఉంటే దిద్దండి. తెలుగులోనే ఉంది, తెలుగులోనే పంపవచ్చు. మీ పేరు, సర్వీస్ నంబరు రాసి, అద్దెకుంటున్నారా సొంతమా అన్నది కూడా తప్పకుండా రాయండి.